పొయ్యి దగ్గరి మట్టి... ఊరి గోడ మీదికి

ఆడవాళ్ళకూ మట్టికీ ఉన్న చుట్టరికం ఇవాళ్టిది కాదు. తెల్లారి లేస్తే వాకిట్లో సాన్పి చల్లడం దగ్గర్నుంచి ఇల్లు అలకడం, పొయ్యి మెత్తడం, పండక్కి గోడలకు ఎర్రమట్టి పూసి సున్నపు బొట్లు పెట్టడం దాకా అంతా ఆమె చేతి మీదే నడిచింది. పెళ్ళి కుదిరితే మేళతాళాలతో కుమ్మరింటికి వెళ్ళి ఐరేని కుండలు తెచ్చుకునేదీ ఆడవాళ్ళే. బోనాల నాడు కొత్త కుండకు పసుపు పూసి నెత్తికెత్తుకునేదీ వాళ్ళే.

ఇంత చేసినా, మట్టితో పనిచేసే ఆడమనిషిని 'కళాకారిణి' అని పిలిచినవాళ్ళు తక్కువ. ఇంట్లో ఉన్నంతసేపూ అది ఇంటిపని. అదే మట్టి ఊరి నడుమ, పదిమంది వచ్చిపోయే చోట గోడ మీద నిలబడితే దానికి కళ అని పేరు, చేసినవాళ్ళకు శాలువా! ఆ గడప దాటిన ఆడవాళ్ళు ఎక్కడ వెతికినా కొద్దిమందే కనిపిస్తారు. వాళ్ళలో ఒకరు రూత్ డక్‌వర్త్. టీకప్పులూ గిన్నెలూ చేసి అమ్మిన చేతులతోనే, ఒక విశ్వవిద్యాలయంలో గది నాలుగు గోడలనూ పైకప్పునూ మట్టితో నింపేసిన మనిషి ఆమె.

ఎక్కడి చికాగో, ఎక్కడి జనగామ అనుకోకండి. ఆమె కథ తెలుసుకుంటే మన రామప్ప గుడినీ, మన ఊరి కుమ్మరివాడనూ ఇంకో కంటితో చూడాలనిపిస్తుంది.

సారె ఆయనది, చాకిరీ ఆమెది

ముందుగా మన దగ్గరి సంగతి కాస్త గుర్తు చేసుకుందాం. చెరువు నుంచి మట్టి వస్తుంది. దాన్ని ఎండబెట్టి, గడ్డలు చితక్కొట్టి, జల్లెడ పట్టి, రాళ్ళూ వేళ్ళూ ఏరి, నానబెట్టి, ఇసుకో బూడిదో కలిపి, కాళ్ళతో తొక్కి తొక్కి మెత్తటి ముద్ద చేయాలి. ఇందులో సగానికి పైగా ఇంటి ఆడవాళ్ళు చేసే పనే. కుండ ఆరాక ఎర్రమట్టి నీళ్ళు పూయడం, ఐరేని కుండలకు బొమ్మలు వేయడం, వాములో పేర్చడానికి అందివ్వడం, కాలిన కుండల్ని గంపకెత్తుకుని అంగడికి పోయి బేరమాడి అమ్మడం కూడా వాళ్ళ వంతే. ఒక్క సారె ముందు కూచోవడం మాత్రం మన దేశంలో చాలాచోట్ల ఆడవాళ్ళకు ఆనవాయితీ కాదు. కుండ రూపం దిద్దుకునేది సారె మీదే కాబట్టి, చేసిన పేరు కూడా సారె తిప్పినవాడికే పోయింది.

పాలకుర్తి మన జనగామ జిల్లాలోదే కదా. అక్కడి సోమనాథుడు బసవపురాణంలో కుమ్మరి గుండయ్య కథ చెప్పాడు. ఆయన కుండల మీద దరువు వేస్తే శివుడే దిగివచ్చి ఆడాడట. కుమ్మరి వృత్తికి అంత గౌరవం ఇచ్చిన నేల ఇది. ఇక కుమ్మరింటి ఆడబిడ్డగా లోకం చెప్పుకునే మొల్ల కవిత్వంతో పేరు తెచ్చుకుంది గానీ కుండతో కాదు.

సారె లేని చోట మాత్రం కథ వేరుగా ఉంది. మణిపూర్‌లోని ఆండ్రో అనే ఊళ్ళో కుండలు చేసేది ఆడవాళ్ళే. సారె లేకుండా, చేత్తో తడుతూ, తామే కుండ చుట్టూ తిరుగుతూ చేస్తారు. ఆఫ్రికాలో ఎన్నో తెగల్లోనూ, అమెరికాలోని ప్యూబ్లో ఆదివాసుల్లోనూ ఇట్లాగే మట్టిని తాడులా పేని, చుట్టలు చుట్టి కుండలు కట్టే విద్య తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. అంటే చేత్తో మట్టిని కట్టడం ఆడవాళ్ళకు పాత విద్యే. రూత్ డక్‌వర్త్‌ను గోడ దాకా తీసుకుపోయింది కూడా సారె కాదు, ఈ చేతికట్టే.

హాంబర్గ్ నుంచి వెళ్ళగొట్టిన చదువు

రూత్ 1919లో జర్మనీలోని హాంబర్గ్‌లో పుట్టింది. అయిదుగురు పిల్లల్లో చివరిది. తండ్రి యూదుడు, లాయరు. తల్లి క్రైస్తవురాలు. చిన్నప్పుడు తరచూ జబ్బు పడే పిల్ల. మంచాన ఉన్నప్పుడు బొమ్మలు గీసుకోవడమే కాలక్షేపం. ఆ గీతలే పెద్దయ్యాక చిత్రకళ చదవాలన్న కోరికగా మారాయి.

అప్పటికి హిట్లర్ గద్దెనెక్కాడు. తండ్రి యూదుడన్న ఒక్క కారణానికి ఆమెకు జర్మనీలో ఆర్ట్ స్కూలు తలుపులు మూసుకుపోయాయి. 1936లో, 17 ఏళ్ళ వయసులో, ఇల్లూ వాకిలీ వదిలి ఇంగ్లండులోని లివర్‌పూల్‌కు, అక్క దగ్గరికి చేరింది. అక్కడి ఆర్ట్ స్కూల్లో చేరడానికి వెళితే, "నువ్వు చిత్రలేఖనం నేర్చుకుంటావా, రంగులు వేయడమా, శిల్పమా?" అని అడిగారట. అన్నీ నేర్చుకుంటానంది. అట్లా కుదరదు, ఒకటి ఎంచుకోమన్నారు. మైకెలాంజిలో అన్నీ చేశాడు కదా అని జవాబిచ్చిందట ఆ పిల్ల!

చదువు అయ్యేసరికి రెండో ప్రపంచ యుద్ధం. బతకడానికి ఏ పని దొరికితే అది చేసింది. తోలుబొమ్మలాటల వాళ్ళు మన ఊళ్ళ వెంట తిరిగినట్టు, ఇంగ్లండు ఉత్తర ప్రాంతమంతా బొమ్మలాటల బృందంతో తిరిగింది. ఆయుధాల ఫ్యాక్టరీలో పనిచేసింది. ఇవన్నీ కలిసి మనసు మీద పడ్డాయి. కొన్నాళ్ళు కుంగిపోయి, చికిత్స తీసుకుని తేరుకుంది. తర్వాత లండన్‌లో రాతి చెక్కడం నేర్చుకుని సమాధి రాళ్ళ మీద పూలూ లతలూ చెక్కే పనికి కుదిరింది. శిల్పి కావాలని వచ్చినమ్మాయికి దొరికిన పని సమాధి రాయి. అయినా ఉలి వదల్లేదు. 1949లో ఎయిడ్రన్ డక్‌వర్త్ అనే కళాకారుణ్ణి పెళ్ళాడింది. అప్పటి నుంచీ ఆ ఇంటిపేరే నిలిచింది.

1950లలో లండన్ దగ్గరి న్యూ మాల్డెన్‌లో సెయింట్ జోసెఫ్ చర్చికి క్రీస్తు సిలువ మోసిన ఘట్టాలను చెక్కి ఇచ్చింది. నలుగురూ వచ్చే చోట ఆమె పని నిలబడటం అక్కడ మొదలైంది. అయితే అది రాయి. మట్టి ఇంకా ఆమె చేతికి రాలేదు.

37 ఏళ్ళకు మళ్ళీ విద్యార్థిని

మట్టి పని నేర్చుకోవాలనిపించినప్పుడు ఆమె అప్పటికే లండన్‌లో పేరున్న మరో కుండల కళాకారిణి లూసీ రీ సలహా తీసుకుంది. లూసీ కూడా హిట్లర్ కాలంలో వియన్నా వదిలి వచ్చిన మనిషే. బడిలో చేరి పద్ధతిగా నేర్చుకో అన్నది ఆ సలహా. అట్లా 1956లో సెంట్రల్ స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్‌లో చేరేనాటికి రూత్‌కు 37 ఏళ్ళు. మన దగ్గరైతే ఆ వయసుకు 'ఇక పిల్లల చదువులు చూసుకో తల్లీ' అంటారు. ఆమె తనకన్నా పదిహేనేళ్ళు చిన్నవాళ్ళ పక్కన కూచుని మట్టి పిసకడం నేర్చుకుంది. కొన్నేళ్ళకే అదే బడిలో పాఠం చెప్పే పంతులమ్మ అయింది.

ఇల్లు గడవాలి కదా! టీకప్పులు, గిన్నెలు, పళ్ళేలు చేసి అమ్మింది. వాటితో పాటే మరో రకం పనీ మొదలుపెట్టింది. ఆ రోజుల్లో ఇంగ్లండులో కుండలపని అంటే బెర్నార్డ్ లీచ్ చెప్పిందే వేదం. సారె మీద తిరిగిన కుండ, గుండ్రంగా, ఇంట్లో వాడుకోవడానికి పనికొచ్చేలా ఉండాలి. రూత్ సారెను పక్కకు నెట్టి మట్టిని చుట్టలుగా, పలకలుగా కట్టింది. ఆమె కుండలు ఒకటి నదిలో నునుపు తేలిన గులకరాయిలా, ఒకటి ఎండిన కాయలా, ఒకటి నిండు చూలాలి పొట్టలా ఉండేవి. బాగా ఉబ్బెత్తుగా ఉన్న వాటికి తర్వాత్తర్వాత ఆమే 'అమ్మ కుండలు' అని పేరు పెట్టుకుంది. ఇదేం కుండ, ఇందులో ఏం పోసుకుంటాం అని ముఖం చిట్లించినవాళ్ళు ఉన్నారు. కాని చిన్నవయసు కళాకారులు ఆ దారినే పట్టుకున్నారు. ఇంగ్లండులో కుండకు శిల్పమనే గౌరవం తెచ్చినవాళ్ళలో రూత్ ముందు వరుసలో నిలిచింది.

ఒక్క ఏడాదికని వెళ్ళి...

1964లో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయం ఆమెను పాఠం చెప్పడానికి పిలిచింది. వెళ్ళింది ఏడాది కోసం. ఉండిపోయింది జీవితమంతా. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే భార్యాభర్తలు విడిపోయారు. 1977 దాకా అక్కడే బోధించింది.

అక్కడే ఆమెకు అసలు అవకాశం తగిలింది. విశ్వవిద్యాలయం వాళ్ళు భూమి, వాతావరణం గురించి చదివే శాఖ కోసం కొత్త భవనం కడుతున్నారు. దాని ప్రవేశ మందిరానికి ఒక పని చేసిపెట్టమన్నారు. 1967-68లో ఆమె చేసిన ఆ పని పేరు 'భూమి, నీరు, ఆకాశం'. సుమారు 400 చదరపు అడుగులు. అంటే మన దగ్గర రెండు గదుల చిన్న పోర్షన్ అంత!

ఒక ఫలకం చేసి గోడకు తగిలించి ఊరుకోలేదామె. నాలుగు గోడలూ, పైకప్పూ కలిపి ఒకే పని. అప్పుడప్పుడే ఉపగ్రహాలు పైనుంచి భూమి ఫొటోలు పంపుతున్న కాలం అది. ఆ ఫొటోలు చూసి, కొండలూ లోయలూ నీటిదారులూ పైనుంచి ఎట్లా కనిపిస్తాయో అట్లా గోడల మీద మట్టిలో కట్టింది. తలెత్తి చూస్తే కప్పు నుంచి దిగిన పింగాణీ మేఘాలు. రోజూ ఆ గదిలోంచి క్లాసుకు పోయే పిల్లలు తాము పుస్తకాల్లో చదివే భూమి లోపలి నుంచే నడిచిపోతున్నట్టు ఉంటుంది. టిక్కెట్టు కొని మ్యూజియంలో చూడాల్సిన పని లేదు. అద్దాల బీరువా లేదు, 'ముట్టుకోరాదు' బోర్డు పెట్టిన పీట లేదు. అక్కడ కూలిపని చేసేవాళ్ళూ, ప్రొఫెసర్లూ ఒకే కళను చూస్తారు. పబ్లిక్ ఆర్ట్ అంటే ఇదే.

ఒక గోడ ఇంకో గోడను పిలుచుకొచ్చింది. 1976లో చికాగోలో ఒక బ్యాంకు కోసం 'మిషిగన్ సరస్సు మీద మేఘాలు' చేసింది. ఆ నగరం బతికేదే ఆ సరస్సు ఒడ్డున. ఆ నీళ్ళనూ, వాటి మీద తేలే మబ్బులనూ డబ్బు లెక్కలు చూసుకునేవాళ్ళ ఎదుట నిలబెట్టింది.

1980లలో ఇండియానా రాష్ట్రంలోని హామండ్ అనే ఊరి యూదుల ప్రార్థనామందిరానికి 'సృష్టి' అనే పెద్ద పని చేసింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. తండ్రి యూదుడన్న కారణంగా పుట్టిన ఊళ్ళో చదువు దక్కని పిల్ల, దాదాపు అర్ధశతాబ్దం తర్వాత, వేరే ఖండంలో, యూదులు దేవుణ్ణి తలుచుకునే చోట, ప్రపంచం పుట్టుక కథను మట్టితో చెప్పింది. ఆ మందిరం గోడ మీద ఆమె రాసిన జవాబు అది.

ఊరగాయ ఫ్యాక్టరీలో మట్టి ఇల్లు

ఇంతంత పెద్ద పనులు చేయాలంటే చోటు కావాలి. 1980లలో ఆమె చికాగోలో మూతపడ్డ ఒక పాత ఊరగాయ ఫ్యాక్టరీని తీసుకుంది. దాన్నే వర్క్‌షాపు చేసుకుంది, దాన్నే ఇల్లు చేసుకుంది. మన ఇళ్ళలో ఆవకాయ జాడీ పింగాణీదే కదా! ఊరగాయా పింగాణీ కలవడం మనకైతే వింతేం కాదు.

ఆమెను చూసి నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. గోడల పని వచ్చింది కదా అని చిన్న పని మానుకోలేదు. ఒక పక్క గోడంత ఫలకాలు ఆరుతుంటే, ఇంకో పక్క అరచేతిలో ఇమిడే పలచటి పింగాణీ కప్పులు, వాటి అంచున నిలబెట్టిన కాగితమంత సన్నటి రేకులు చేసుకుంటూ ఉండేది. చిన్నదాని మీద చేసిన ప్రయోగం పెద్దదానికి పనికొచ్చేది. పెద్దదాని మీద వచ్చిన ధైర్యం చిన్నదాన్లోకి దిగేది. చివరి రోజుల్లో కంచులోనూ పోతపోయించి కాలేజీల ఆవరణల్లో నిలబెట్టింది. చాలా పనులకు అసలు పేరే పెట్టలేదు. చూసేవాళ్ళు తమకు తోచింది చూసుకోనీ అన్నట్టుగా వదిలేసింది.

2005లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ ఆర్ట్స్ అండ్ డిజైన్ ఆమె జీవితకాలపు పనంతా ఒకచోట చేర్చి పెద్ద ప్రదర్శన పెట్టింది. అప్పటికి ఆమె ఎనభైల్లో ఉంది. 2009 అక్టోబరులో, 90 ఏళ్ళ వయసులో చికాగోలో కన్నుమూసింది. 2023లో ఆమె పాఠాలు చెప్పిన విశ్వవిద్యాలయం మ్యూజియంలోనే మళ్ళీ ఒక ప్రదర్శన జరిగింది.

గోడకు మట్టి ఎట్లా నిలుస్తుంది?

చదువుతుంటే ఈ ప్రశ్న మీకూ వచ్చే ఉంటుంది. వంటింట్లో వడియం పెట్టిన వాళ్ళెవరికైనా దీని కిటుకు సులువుగానే తెలుస్తుంది.

* మందంగా పెట్టిన వడియం పైన ఎండి లోపల పచ్చిగా ఉన్నట్టే, మందపు మట్టి కూడా లోపల తడి దాచుకుంటుంది. అట్లాగే కొలిమిలో పెడితే ఆ తడి ఆవిరై ముక్క పగిలిపోతుంది. అందుకే పెద్ద ఆకారాలను వెనకవైపు తొలిచి బోలుగా చేస్తారు. నెమ్మదిగా, గాలి కొట్టకుండా, వారాల తరబడి ఆరబెడతారు.

* తడి ఆరినప్పుడు కొంత, కాలినప్పుడు కొంత మట్టి కుదించుకుపోతుంది. గట్టిగా కాల్చే మట్టి మొత్తం మీద పదోవంతుకు పైగానే చిన్నదవుతుంది. పది అడుగుల గోడకు లెక్కగా సరిపోవాలంటే పచ్చి మట్టిలో పదకొండు అడుగులకు పైగా కట్టుకోవాలి.

* అంత పెద్దది ఒక్క ముక్కగా ఏ కొలిమిలోనూ పట్టదు. కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడే ముక్కలుగా కోసి, వెనక నంబర్లు వేసి, విడివిడిగా కాల్చి, గోడ మీద మళ్ళీ కలుపుతారు. అతుకు గీతలు బొమ్మలో కలిసిపోయేలా కోయడంలోనే నేర్పంతా ఉంది.

* మన ఊరి వాములో మంట సుమారు 700 నుంచి 900 డిగ్రీల దాకా పోతుంది. ఆ కుండకు సన్నటి రంధ్రాలు మిగులుతాయి. అందుకే నీళ్ళు చల్లబడతాయి. ఎండకూ వానకూ, చలిదేశాల మంచుకూ బయట నిలవాలంటే 1200 డిగ్రీలు దాటిన వేడిలో కాలి రాయిలా గట్టిపడాలి. దాన్నే స్టోన్‌వేర్ అంటారు. పింగాణీ ఇంకా నున్నటి తెల్లమట్టి, దానికీ అంత వేడి కావాల్సిందే.

అంటే ఇందులో కళ ఎంతో లెక్కా అంతే. ఓపిక రెండింతలు.

మన దగ్గర ఎప్పుడో చేశారు

ఇదంతా అమెరికా విద్య అనుకుంటే పొరపాటే. కాల్చిన మట్టిని అందరూ చూసేచోట ఆకాశానికెత్తిన పని మన దగ్గర 800 ఏళ్ళ కిందటే జరిగింది. పాలంపేట రామప్ప గుడి 1213 నాటిది. కాకతీయ గణపతిదేవుడి కాలంలో ఆయన సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2016లో జిల్లాలు మారినప్పుడు ఆ గుడి భూపాలపల్లి జిల్లాలోకి వెళ్ళింది. 2019 నుంచి ములుగు జిల్లాలో ఉంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపద అయింది.

రామప్ప అనగానే అందరం నల్లరాతి మదనికలనే చూస్తాం. తలెత్తి శిఖరం చూసేవాళ్ళు తక్కువ. ఆ శిఖరం ఇటుకది. మామూలు ఇటుక కాదు. నీళ్ళలో వేస్తే తేలుతుంది! మట్టిలో రంపపు పొట్టు లాంటివి కలిపి కాల్చితే, ఆ పొట్టు కాలిపోయి లోపలంతా సన్నటి ఖాళీలు మిగులుతాయి. ఇటుక తేలికవుతుంది. కింద పునాదిలో ఇసుక నింపారు, పైన తేలిక ఇటుక పెట్టారు. బరువు తగ్గడంతో గుడి శతాబ్దాలు నిలబడింది. మన కుమ్మరులు మట్టిలో ఊక కలపడం, లద్దె కలపడం వెనక ఉన్నదీ ఇట్లాంటి తెలివే. గుడికి శిల్పి రామప్ప పేరే వచ్చిందని జనం చెప్పుకుంటారు. మంచిదే. ఆ ఇటుకల మట్టి తొక్కిన చేతులూ కాళ్ళూ ఎవరివో మనకు పేరైనా మిగల్లేదు.

పేరు మిగిలిన ఆడమనిషి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. బయ్యారం చెరువు కట్టించింది గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ. కట్ట పోయించి, శాసనం వేయించింది. కాకతీయుల వంశక్రమం తెలుసుకోవడానికి చరిత్రకారులకు ఆ శాసనం పెద్ద ఆధారమైంది. చెరువు కట్ట అంటే ఏమిటి? ఊరంతటి కోసం పోసిన మట్టి. అది రాణివాసపు ఆడబిడ్డ కాబట్టి పేరు రాయి మీదికెక్కింది. తట్టలు మోసిన ఆడవాళ్ళ పేర్లు కట్టలోనే కలిసిపోయాయి.

జనగామ పక్కనే పెంబర్తి ఉంది. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకు మీద కొట్టే పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒకప్పుడు గుళ్ళకూ రథాలకూ రేకులు తొడిగిన పని, ఆ గిరాకీ తగ్గాక గోడలకు తగిలించే ఫలకాలుగా, జ్ఞాపికలుగా మారి బతికింది. అంటే గిన్నె నుంచి గోడకు మారడం మన చేతివృత్తులకు చేతకాని పనేం కాదు. పెంబర్తి ఇత్తడి చేసిన ప్రయాణం మన మట్టి ఎందుకు చేయకూడదు?

తెలుగు కళాకారులు ఈ దారి తొక్కలేదని కాదు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ బరోడాలో కుడ్యచిత్రకళ చదివారు. అక్కడ ఆయన గురువు కె.జి. సుబ్రహ్మణ్యన్. లక్నోలోని రవీంద్రాలయం గోడ మీద 1963లో కాల్చిన మట్టి పలకలతో పెద్ద పని చేసినాయన. లక్ష్మా గౌడ్ గీతలతో, అచ్చులతో పేరు తెచ్చుకుని, తర్వాత మట్టిలోకీ వచ్చారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు. మన తెలుగువారే అయిన పి.ఆర్. దరోజ్ బరోడాలో సిరామిక్స్ నేర్చుకుని, ఢిల్లీలో ఉండి గోడలంత పనులు చేశారు. వీళ్ళిద్దరికీ దండం. కాని ఈ వరుసలో మన ఊళ్ళ ఆడపిల్ల పేరు ఎప్పుడు చేరుతుందన్నదే ప్రశ్న.

గోడలు ఖాళీగానే ఉన్నాయి

కొత్త జిల్లాలు వచ్చాక జనగామ, మానుకోట, భూపాలపల్లి పట్టణాల రూపు మారింది. కొత్త కార్యాలయాలు లేచాయి, చౌరస్తాలు వెడల్పయ్యాయి. ఇట్లాంటి చోట్ల సాధారణంగా నిలబెట్టేది సిమెంటు బొమ్మలు, ఫైబర్ బొమ్మలు. గోడల మీద పెయింటు బతుకమ్మలు. నాలుగు వానలకు రంగు వెలిసిపోతుంది, మళ్ళీ టెండరు, మళ్ళీ రంగు. కాల్చిన మట్టి రంగు వెలవదు. మన గూనపెంకలనే చూడండి. తాతల నాటి ఇంటి మీద ఇప్పటికీ ఎర్రగానే ఉంటాయి.

మానుకోట చుట్టుపక్కల పండే మిరపకాయను మార్కెట్ గోడ మీద ఎర్రమట్టిలో ఊహించుకోండి. భూపాలపల్లి బస్టాండులో నేల లోపల బొగ్గు పొరలు, వాటిలో దిగే సింగరేణి కార్మికుడు, పైన అతనికి సద్ది కట్టిన ఇల్లాలు. జనగామ స్టేషన్‌లో పోతన బమ్మెర, సోమన్న పాలకుర్తి, గుండయ్య కుండల దరువు. ఇవేవీ బయటి నుంచి తెచ్చుకోనక్కర్లేని కథలు. మట్టి మన చెరువులోనే ఉంది. గట్టి వేడికి తగ్గ మట్టి కలుపుకోవడం, కొలిమి కట్టుకోవడం నేర్పాలంతే.

నేర్చుకునే చోట్లు లేకపోలేదు. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలోనూ, సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్లోనూ శిల్పం చదువుకోవచ్చు. బరోడా, శాంతినికేతన్ మట్టిపనికి పాత పేర్లు. పాండిచ్చేరిలో డెబొరా స్మిత్, రే మీకర్ అనే ఇద్దరు 1971లో మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ ఎందరో ఆడపిల్లలను మట్టి కళాకారులుగా తయారుచేసింది. ఇంటర్ అయిన పిల్ల 'బొమ్మలు చేస్తానమ్మా' అంటే, 'అదేం చదువే, తిండి పెడుతుందా' అని కొట్టిపారేయకండి. రూత్‌కూ మొదట తిండి పెట్టింది టీకప్పులే. ఆ కప్పుల వెంటే గోడలొచ్చాయి.

చదువుల దాకా పోలేని వాళ్ళ సంగతి? వాళ్ళతోనే అసలు మొదలుపెట్టాలి. డ్వాక్రా సంఘాల్లో ప్రమిదలు, గణపతి బొమ్మలు చేస్తున్న ఆడవాళ్ళు ఊరూరా ఉన్నారు. పలక చేయడం ప్రమిద చేయడం కన్నా కష్టమేం కాదు. ఒక బడి గోడకు వంద పలకలు, ఒక అంగన్‌వాడీ గోడకు యాభై పలకలు. పిల్లలు రోజూ వేళ్ళతో తడుముకునే ఎత్తులో చెట్టూ పిట్టా అక్షరాలూ. అంతకన్నా పెద్ద పబ్లిక్ ఆర్ట్ ఏముంటుంది? మున్సిపాలిటీ వాళ్ళు చౌరస్తా అలంకరణకు పెట్టే ఖర్చులో కొంత ఇటు తిప్పితే, కుండల గిరాకీ లేక సారె అటకెక్కించిన ఇళ్ళకు కూడా నాలుగు రోజుల పని దొరుకుతుంది.

ఒక్క షరతు మాత్రం పెట్టుకుందాం. ఆ గోడకు కింద ఒక పక్క చిన్న పలక ఉండాలి. దాని మీద ప్రారంభించిన పెద్దమనిషి పేరు ఎట్లాగూ ఉంటుంది. దాని కిందైనా సరే, మట్టి తొక్కినామె పేరు, పలక కోసినామె పేరు, వాము దగ్గర రాత్రంతా మేలుకున్నామె పేరు కూడా రాయాలి. పచ్చిగా ఉన్నప్పుడే పుల్లతో రాసి కాల్చితే చాలు. ఇక ఆ పేరును వాన కడగలేదు, ఎండ మాపలేదు.